పొగగొట్టం పక్కన కాన్వాసు: యంత్రయుగానికి యూరప్ కళోద్యమాలు ఇచ్చిన జవాబులు

కృత్రిమ మేధతో బొమ్మలు తయారుచేసే సాధనాలు అందరి ఫోన్లలోకీ వచ్చినప్పటి నుంచి, చిత్రకళ గురించి జరిగే వాదనల్లో పాత యూరప్‌ను తరచు సాక్ష్యానికి పిలుస్తున్నారు. కెమెరా వచ్చినప్పుడూ ఇలాగే గగ్గోలు పెట్టారు, చిత్రకళ చచ్చిపోయిందా అని ఒక పక్షం అడుగుతుంది. యంత్రం చేతిపనిని మింగేస్తుందని 19వ శతాబ్దపు ఇంగ్లీషు రూపకర్త విలియం మారిస్ నాడే హెచ్చరించాడు కదా అని రెండో పక్షం గుర్తుచేస్తుంది. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఆనాటి కళాకారులు యంత్రానికి అనుకూలురు, వ్యతిరేకులు అని రెండు శిబిరాలుగా విడిపోయారని అనుకోవడం దగ్గర ఇద్దరూ పొరబడుతున్నారు. యంత్రాన్ని తిట్టిన ఉద్యమానికి పెట్టుబడి గనుల నుంచి వచ్చింది. యంత్రాన్ని కొలిచిన ఉద్యమం తన తొలి గొప్ప చిత్రంలో గుర్రాన్ని గీసింది. నది ఒడ్డున వెలుగునీడలు గీసిందని మనం మురిసిపోయే ఉద్యమం రైలు టికెట్టూ తగరపు ట్యూబూ లేకుండా ఆ రూపంలో పుట్టేదే కాదు.

పారిశ్రామికీకరణ, కళోద్యమం: ముందుగా ఈ రెండు మాటలు

పారిశ్రామికీకరణ అనగానే బడి పుస్తకంలోని ఆవిరి యంత్రం బొమ్మ గుర్తుకొస్తుంది కానీ యంత్రం అందులో ఒక భాగమే. 18వ శతాబ్దం చివరి నుంచి బ్రిటన్‌లో, తరువాత బెల్జియం, ఫ్రాన్స్, జర్మనీలలో, ఇంకా ఆలస్యంగా ఇటలీ, రష్యాలలో నాలుగు మార్పులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి: బొగ్గు మండించి పుట్టించే శక్తి, ఒకే కప్పు కింద వందలమంది పనిచేసే ఫ్యాక్టరీ, గంటల లెక్కన కూలి, ఒక పనిని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను ఒక్కో మనిషికి అప్పగించే శ్రమ విభజన. చివరిదాన్ని ఆడమ్ స్మిత్ 1776లో గుండుసూది ఉదాహరణతో వివరించాడు. తీగ సాగదీయడం, కోయడం, మొన తేల్చడం, తల అతకడం వంటి దాదాపు 18 పనులను పంచుకుంటే పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు చేయగలరు. ఎవరికి వారు విడిగా చేస్తే ఒక్కొక్కరూ ఇరవై కూడా చేయలేరు. ఆర్థికశాస్త్రానికి ఇది విజయగాథ. రోజంతా సూదులకు తలలు మాత్రమే అతికే మనిషి సంగతేమిటన్న ప్రశ్న కళారంగంలో గట్టిగా వినిపించడానికి మరో 75 ఏళ్ళు పట్టింది. 1851 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండ్, వేల్స్ ప్రజల్లో సగానికి పైగా పట్టణాల్లో ఉన్నారు.

కళోద్యమం అనే మాటను కాస్త అనుమానంతోనే వాడాలి. యంత్రాన్నీ వేగాన్నీ కొలిచిన ఫ్యూచరిస్టులు తమ పేరు తామే పెట్టుకుని పత్రికలో ప్రకటించుకున్నారు. ఆరుబయట వెలుగునీడలు గీసిన ఇంప్రెషనిస్టుల పేరు 1874లో లూయీ లెరోయ్ అనే విమర్శకుడు ఎగతాళిగా అంటగట్టినది. చాలా ఉద్యమాల్లో ఉమ్మడి సిద్ధాంతం కంటే ఉమ్మడి స్నేహాలు, ఉమ్మడి అప్పులు ఎక్కువ.

ఈ వ్యాసంలో ప్రతి ఉద్యమాన్నీ రెండు ప్రశ్నలు అడుగుదాం. చిత్రంలో ఏం కనిపిస్తోంది అన్నది మొదటిది. ఆ చిత్రం, లేదా ఆ వస్తువు, దేనితో, ఎవరి శ్రమతో, ఎవరి డబ్బుతో తయారైంది అన్నది రెండోది. ఈ రెండింటికీ వచ్చే జవాబులు చాలాసార్లు ఎదురుబొదురుగా నిలబడతాయి. అయోమయం పుట్టేది అక్కడే.

ఒకే దశాబ్దంలో రెండు చిత్రాలు: ఇనుప మిల్లు, రైల్వే స్టేషన్

జర్మన్ చిత్రకారుడు అడాల్ఫ్ మెన్జెల్ 1872-75 మధ్య గీసిన ‘ఇనుప రోలింగు మిల్లు’ బెర్లిన్‌లోని జాతీయ చిత్రశాలలో ఉంది. వెడల్పు రెండున్నర మీటర్లు. అప్పట్లో ప్రష్యాలో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న హోజూఫ్ పట్టణపు ఇనుప కర్మాగారానికి మెన్జెల్ స్వయంగా వెళ్ళి, వందకు పైగా చిత్తుబొమ్మలు వేసుకుని, బెర్లిన్ తిరిగి వచ్చాక దీన్ని గీశాడు. నట్టనడుమ ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెను పటకార్లతో పట్టి రోలర్ల నోటికి అందిస్తున్న మనుషులు. ఆ వెలుగే వాళ్ళ ముఖాలకు దీపం. చూపు మొదట అక్కడే ఆగిపోతుంది కాబట్టి అంచుల్లో ఉన్నది ఆలస్యంగా కనబడుతుంది. ఎడమ పక్కన షిఫ్టు దిగిన కార్మికులు చొక్కాలు విప్పి ఒళ్ళు కడుక్కుంటున్నారు. కుడి మూలన ఒక రేకు చాటున కొందరు గబగబా తింటున్నారు, ఒకడు సీసా ఎత్తి తాగుతున్నాడు, అన్నం తెచ్చిన అమ్మాయి బుట్ట సర్దుకుంటోంది. వెనుక ఎక్కడో టోపీ పెట్టుకున్న అధికారి చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. భోజనానికి కూడా మిల్లు ఆగదు, మనుషులే మారుతుంటారు అనే సంగతిని మెన్జెల్ ఒక్క మాట రాయకుండా చెప్పేశాడు. చిత్రాన్ని మొదట కొన్నది ఒక బ్యాంకరు. కార్మికుల కష్టాన్ని చూపిందని మెచ్చినవారూ, జర్మన్ పరిశ్రమ సత్తాను చాటిందని మెచ్చినవారూ ఒకే చిత్రం ముందు నిలబడ్డారు.

ఇక 1877. పారిస్‌లోని సాఁ లజార్ రైల్వే స్టేషన్‌లో బొమ్మలు వేసుకోవడానికి ఇంప్రెషనిస్టు చిత్రకారుడు క్లోద్ మోనే అనుమతి సంపాదించి, ఆ ఒక్క స్టేషన్‌నే 12 చిత్రాలుగా గీశాడు. అందులో గాజు కప్పు కింద నీలిగా, ఊదాగా సుళ్ళు తిరిగే ఆవిరి ఉంది, నల్లటి ఇంజను ఉంది, దూరాన ఎండలో మేడలున్నాయి. మనుషులు మాత్రం కుంచె తుదితో పెట్టిన చుక్కలు. బొగ్గు వేసేవాడి ముఖం మనకు తెలియదు. మెన్జెల్ మిల్లులోని పనిని గీశాడు. మోనే ఆ మిల్లులో తయారయ్యే పట్టాలవంటి పట్టాల మీద నడిచే బండి వదిలిన పొగను గీశాడు. మొదటి ప్రశ్నకు ఇద్దరి జవాబూ పరిశ్రమే అయినా ఇద్దరూ చూసింది ఒకటి కాదు.

భీకర సౌందర్యం: టర్నర్ రైలు, దాని ముందు కుందేలు

మెన్జెల్ కంటే ముందు తరం ఫ్యాక్టరీని ఒక ప్రకృతి దృశ్యంగా చూసింది. భయమూ అబ్బురమూ కలిసిన అనుభూతిని ఎడ్మండ్ బర్క్ 1757లో ఒక సిద్ధాంతంగా రాశాడు: తుఫాను, అగాధం, అగ్నిపర్వతం మనకు హాని చేయనంత దూరంలో ఉంటే వాటిని చూడడంలో ఒక ఆనందం ఉంటుంది. ఆ స్థానంలోకి కొలిమి వచ్చి కూచుంది. ఫిలిప్ లూథర్‌బర్గ్ 1801లో గీసిన ‘రాత్రివేళ కోల్‌బ్రుక్‌డేల్’ చిత్రంలో ఇనుప కొలిముల మంట ఆకాశాన్ని నారింజ రంగులో ముంచెత్తుతుంది. లూథర్‌బర్గ్ అంతకుముందు లండన్ నాటకశాలలో రంగస్థల దృశ్యాలు వేసేవాడని తెలిస్తే ఆ మంటకు అంత నాటకీయత ఎక్కడిదో అర్థమవుతుంది.

ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1844లో, దాదాపు 69 ఏళ్ళ వయసులో ప్రదర్శించిన ‘వాన, ఆవిరి, వేగం’ అనే చిత్రం ఇంకా చిక్కుముడి. థేమ్స్ నది మీద ఇంజనీరు బ్రూనెల్ కట్టిన మెయిడన్‌హెడ్ వంతెనగా దాన్ని గుర్తిస్తారు. వాన తెరలోంచి నల్లటి ఇంజను మన మీదికి దూసుకొస్తుంది. ఎడమన నదిలో చిన్న పడవ, కుడి పక్క పొలంలో నాగలి దున్నే మనిషి. ఇంజను ముందు పట్టాల మీద ప్రాణభయంతో పరిగెత్తే కుందేలు ఒకటి ఉంది. రంగు వెలిసి ఇప్పుడది దాదాపు కనిపించదు. కుందేలు పాత ప్రపంచపు వేగమని, దాన్ని ఇంజను మింగేయబోతోందని టర్నర్ విలపించాడని కొందరు చదువుతారు. వేగం అనే కొత్త అనుభవాన్ని రంగులోకి తేగలిగిన తొలి చిత్రకారుడి సంబరం ఇదని మరికొందరంటారు. నా మటుకు నాకు చిత్రం తీర్పు చెప్పకపోవడమే దాని బలంగా కనిపిస్తుంది. ఇంజను రూపురేఖలు పూర్తిగా తేలలేదు, వానా పొగా వేరుగా తెలియవు. చూస్తున్నవాడికి ఏం జరుగుతోందో ఇంకా అంతుబట్టని క్షణం అది.

గాజు పూసలు, ముక్కలైన మనిషి: రస్కిన్ వాదన

టర్నర్‌ను ఆకాశానికెత్తిన విమర్శకుడు జాన్ రస్కిన్‌కు రైళ్ళంటే గిట్టదు. రైలు ప్రయాణికుణ్ణి ప్రాణమున్న పార్సెల్‌గా మారుస్తుందని ఆయన ఫిర్యాదు. అయితే ఆయన అసలు వాదన పొగ గురించి కాదు, పని గురించి. 1851-53లో వెనిస్ భవన నిర్మాణ కళ మీద రాసిన గ్రంథంలో గోథిక్ అనే మధ్యయుగపు నిర్మాణ శైలి స్వభావాన్ని చర్చిస్తూ ఆయన గాజు పూసల తయారీని ఉదాహరణగా తీసుకున్నాడు. కరిగిన గాజును పొడవాటి కడ్డీలుగా సాగదీస్తారు. ఆ కడ్డీలను కొందరు మనుషులు పొద్దస్తమానం పూసంత ముక్కలుగా నరుకుతూ కూర్చుంటారు; చేతులు ఎడతెగకుండా వణుకుతుంటాయి, కింద పూసలు వడగళ్ళలా రాలుతుంటాయి. ఆ ముక్కలను కొలిమిలో గుండ్రంగా చేస్తారు. నరికేవాడికీ, గుండ్రం చేసేవాడికీ తన బుద్ధిని ఒక్క క్షణమైనా వాడే అవకాశం ఉండదు. కాబట్టి పూసలు కొనే అమ్మాయి తనకు తెలియకుండానే బానిస వ్యాపారంలో భాగస్వామి అవుతోందని రస్కిన్ ఘాటుగా రాశాడు. మనం శ్రమను విభజించామని గొప్పగా చెప్పుకుంటున్నాం, నిజానికి విభజించింది మనిషిని అన్నది ఆయన తీర్మానం. ఆడమ్ స్మిత్ గుండుసూదికి ఇది నేరుగా ఇచ్చిన జవాబు.

దీనికి మరో కొస, మధ్యయుగపు గోథిక్ చర్చి గోడ మీది వంకర బొమ్మలను రస్కిన్ మెచ్చుకోవడం. ఆ వంకర, ఆ పొరపాటు, చెక్కినవాడు స్వేచ్ఛగా ఆలోచించాడనడానికి గుర్తు. తళతళలాడే ఏకరూపత బానిసత్వానికి గుర్తు. అందం గురించిన చర్చను ఆయన ఇలా పని పరిస్థితుల చర్చగా మార్చేశాడు. మధ్యయుగపు కూలి నిజంగా అంత స్వేచ్ఛగా బతికాడా అన్నది న్యాయమైన అభ్యంతరం. రస్కిన్ చూసింది రాయిని, ఆ రాయి చెక్కినవాడి ఆకలిని కాదు. రస్కిన్ మరో రచనను గాంధీ 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్తూ ఒక్క రాత్రిలో చదివి తన జీవితాన్నే మార్చుకున్నాడు, చదివింది రైల్లోనే.

మారిస్: నీలిమందు తొట్టి ఒక చేత, ఆర్సెనిక్ గని వాటాలు మరో చేత

రస్కిన్ మాటను చేతల్లో పెట్టాలనుకున్నవాడు విలియం మారిస్. 1861లో స్నేహితులతో కలిసి గృహాలంకరణ సంస్థ పెట్టాడు. గోడ కాగితం, అద్దకపు బట్ట, తివాచీ, రంగు గాజు, కలప సామాను ఏదైనా సరే, నమూనా గీసేవాడికీ తయారుచేసేవాడికీ మధ్య గోడ ఉండకూడదన్నది ఆశయం. ఇదే తరువాత ‘ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్’ ఉద్యమంగా, అంటే కళలూ చేతిపనులూ ఒకటేనన్న ఉద్యమంగా పేరు తెచ్చుకుంది.

ఈ ఆశయం ఎంత ఖరీదో ఒక్క బట్టను చూస్తే తెలుస్తుంది. 1883లో మారిస్ రూపొందించిన ‘స్ట్రాబెరీ థీఫ్’ అనే నూలు బట్ట మీద, తన ఇంటి తోటలో పళ్ళు దొంగిలించే పిట్టలు జంటలుగా ఉంటాయి. అప్పటికే పెర్కిన్ 1856లో కనిపెట్టిన ఊదా రంగుతో మొదలై రసాయన అద్దకాలు మార్కెట్టును ముంచెత్తాయి. చౌక, ప్రకాశం, వేగం అన్నీ వాటివే. మారిస్ వాటిని అసహ్యించుకుని పాత పద్ధతికి మళ్ళాడు. బట్టనంతా నీలిమందు తొట్టిలో ముంచి ముదురు నీలం చేయాలి. నీలం వద్దనుకున్న చోట చెక్క అచ్చులతో రంగు తీసే మందు అద్ది తెల్లబరచాలి. ఆ తెల్లటి చోట్ల మంజిష్ఠ జాతి వేరు నుంచి ఎరుపు, మరో మొక్క నుంచి పసుపు ఎక్కించాలి. ఒక్కో రంగుకూ ఉతకడం, ఆరబెట్టడం. రోజుల తరబడి సాగే పని.

ఈ వర్ణన చదివే తెలుగువారికి ఇదంతా ఎక్కడో విన్నట్టుంటే అందులో వింత లేదు. పటిక అద్ది, చిరువేరు నీళ్ళలో ఉడికించి, పటిక పడిన చోటే ఎరుపు నిలిచేట్టు చేసే విద్య మచిలీపట్నం కలంకారీ పనివారిది. ఆ తీరం నుంచి వెళ్ళిన అద్దకపు బట్టలు ఇంగ్లండ్‌లో ఎంత ఆదరణ పొందాయంటే, అక్కడి నేతవారి ఒత్తిడితో 1700లో వాటి దిగుమతినీ, 1721లో వాటి వాడకాన్నీ చట్టం నిషేధించింది. ఆ బట్టను ఇంగ్లండ్‌లోనే తయారుచేయాలన్న తపన లాంకషైర్ నూలు మిల్లుల పుట్టుకకు ఉన్న కారణాల్లో ఒకటి. అంటే మారిస్ ఏ యంత్రపు అచ్చు మీద తిరగబడ్డాడో ఆ అచ్చు తన తొలి రోజుల్లో అనుకరించినది కోరమాండల్ చేతి పనినే.

ఇక రెండో ప్రశ్న. మారిస్ తండ్రి వదిలివెళ్ళిన సంపదలో పెద్ద భాగం డెవన్ గ్రేట్ కన్సాల్స్ అనే రాగి గని వాటాలు. రాగి తగ్గాక ఆ గని ప్రపంచంలోనే పెద్ద ఆర్సెనిక్ ఉత్పత్తిదారుల్లో ఒకటైంది. మారిస్ 1870ల మధ్య దాకా ఆ కంపెనీ డైరెక్టరు. ఆనాటి గోడ కాగితాల పచ్చ రంగుల్లో ఆర్సెనిక్ కలిసేది. ఆయన తొలి నమూనాల్లో ఒకటైన ‘ట్రెల్లిస్’ కాగితపు ముక్కను పరీక్షిస్తే అందులోనూ ఆర్సెనిక్ బయటపడింది. గోడ కాగితం విషమని వైద్యులు గొడవ చేస్తున్నప్పుడు ఆయన దాన్ని పాతకాలపు మంత్రగత్తె భయంతో పోల్చి కొట్టిపారేశాడు. దీన్ని పట్టుకుని మారిస్‌ను కపటి అనడం తేలిక. కానీ ఈ వైరుధ్యంలో కొంత భాగాన్ని ఎవరికన్నా ముందు గుర్తించినవాడు ఆయనే. చేత్తో చేసిన వస్తువు ఖరీదైనది కాబట్టి తాను చివరికి ధనికుల విలాసాలకే సేవ చేస్తున్నానని చిరాకుపడ్డాడు, ఆ పిట్టల బట్ట వచ్చిన 1883లోనే సోషలిస్టు సంస్థలో చేరాడు. యంత్రమే శత్రువని కూడా ఆయన అనలేదు. మెర్టన్ ఆబీలోని తన కార్ఖానాలో, నమూనాను చిల్లుల అట్టలతో నేసే జకార్డ్ మగ్గాలు వాడాడు. మనిషి యంత్రాన్ని నడపాలి, యంత్రం మనిషిని కాదు అన్నదే ఆయన మాట.

ఆయన శిష్యుల్లో సి. ఆర్. ఆష్బీ 1902లో తన చేతిపనివారి సంఘాన్ని కుటుంబాలతో సహా తూర్పు లండన్ నుంచి చిప్పింగ్ క్యాంప్డెన్ అనే చిన్న ఊరికి తరలించాడు. అదే శైలిలో యంత్రం మీద చేసిన నగలు, పాత్రలు లండన్ దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంటే సంఘం తట్టుకోలేక 1908 నాటికి మూతపడింది. కొన్నేళ్ళకు ఆష్బీ కూడా ఆధునిక నాగరికత యంత్రం మీదే ఆధారపడిందని ఒప్పుకుంటూ రాశాడు.

ట్యూబు, టికెట్టు, నల్లరంగు ఫిర్యాదు: ఇంప్రెషనిజం లోపలి పరిశ్రమ

ఇంప్రెషనిస్టులు మారిస్‌లా సిద్ధాంతాలు రాయలేదు. రెండో ప్రశ్న అడిగితే మాత్రం అన్ని ఉద్యమాల్లోకీ పరిశ్రమలో లోతుగా వేళ్ళూనినది బహుశా ఇదే. అంతకుముందు నూరిన నూనె రంగును పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి ఉంచేవారు. ఒకసారి పొడిచి తెరిస్తే మిగిలినది ఎండిపోయేది. లండన్‌లో ఉంటున్న అమెరికన్ చిత్రకారుడు జాన్ రాండ్ 1841లో మూతబిగించే తగరపు ట్యూబుకు పేటెంటు పొందాడు. రంగును జేబులో వేసుకుని పొలానికి పోవచ్చు. ట్యూబులే లేకపోతే ఇంప్రెషనిజమే లేదని ఆ గుంపులోని చిత్రకారుడు రెన్వార్ అన్నట్టు ఆయన కొడుకు రాశాడు. ట్యూబులో ఉన్న రంగులూ కొత్తవే: కోబాల్టు నీలం, కృత్రిమ అల్ట్రామెరీన్, క్రోమ్ పసుపు 19వ శతాబ్దపు రసాయన పరిశ్రమ ఇచ్చినవి. పొలానికి తీసుకుపోయింది రైలు. మోనే నివసించిన ఆర్జంతోయ్‌కు సాఁ లజార్ నుంచి కొద్ది నిమిషాల ప్రయాణం. ఉద్యమానికి పేరిచ్చిన ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ కూడా ల హావ్ర్ రేవుదే. ఎర్రటి సూర్యుడి కింద మసకగా నిలబడ్డవి క్రేన్లు, పొగగొట్టాలు.

రంగుల సిద్ధాంతం కూడా అద్దకపు తొట్టి దగ్గరే పుట్టింది. పారిస్‌లోని గోబ్లాఁ ప్రభుత్వ వస్త్ర కార్ఖానాలో అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రెయ్‌కు, నీలం ఊదా పక్కన నేసిన నల్లదారం వెలిసినట్టుందని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే దారంలో లోపం లేదు; పక్కనున్న రంగు వల్ల కన్ను మోసపోతోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయన్న నియమాన్ని ఆయన 1839లో గ్రంథంగా ప్రచురించాడు. దాన్ని శ్రద్ధగా చదివిన చిత్రకారుల్లో జార్జ్ సరా ఒకడు. 1884లో ఆయన గీసిన ‘ఆస్నియేర్‌లో స్నానం’ అనే పెద్ద చిత్రంలో సెన్ నది ఒడ్డున కొందరు మగవాళ్ళు సెలవు పూట నిశ్శబ్దంగా కూచుని ఉంటారు, వెనుక క్లిషీ ఫ్యాక్టరీల పొగగొట్టాలు వరసగా. సెలవు అనేది ఫ్యాక్టరీ గంటలు పుట్టాక పుట్టిన వస్తువని ఆ చిత్రం ఎంతో నెమ్మదిగా గుర్తుచేస్తుంది.

మోనే 1899-1901 మధ్య లండన్ వెళ్ళి థేమ్స్ మీది పొగమంచును పదేపదే గీశాడు. ఆ మంచే లేకపోతే లండన్ అందంగా ఉండదన్నది ఆయన అభిప్రాయం. ఆ మంచులో సగం బొగ్గు పొగ. అది పీల్చి దగ్గినవారు చిత్రంలో లేరు.

వేగాన్ని కొలిచినవారు, గుర్రం

1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక ‘ల ఫిగారో’ మొదటి పేజీలో ఇటలీ కవి మారినెట్టి ఫ్యూచరిస్టు ప్రకటన అచ్చయింది. గర్జించే రేసు కారు ప్రాచీన గ్రీకు విజయదేవత శిల్పం కంటే అందమైనదని, మ్యూజియంలను కూల్చాలని, యుద్ధం ప్రపంచానికి ఏకైక పారిశుద్ధ్యమని అందులో ఉంది. ఇటలీ లాంటి, పరిశ్రమ ఆలస్యంగా వచ్చిన దేశంలో యంత్రం మీద మోజు ఎక్కువగా ఉండడం అర్థం కానిది కాదు. విచిత్రమేమంటే ఆ ఉద్యమపు తొలి గొప్ప చిత్రం, బొచ్చోని 1910లో గీసిన ‘లేచే నగరం’, మిలాన్ శివారు నిర్మాణాల నడుమ ఒక బ్రహ్మాండమైన ఎర్ర గుర్రాన్ని, దాన్ని అదుపు చేయలేక వేలాడే కూలీలను చూపిస్తుంది. శక్తి ఎలా ఉంటుందో గీయాలంటే ఆయన చేతికి ఇంకా గుర్రమే తగిలింది. కోరుకున్న యుద్ధం వచ్చింది. 1916లో సైనిక శిక్షణలో బొచ్చోని గుర్రం మీది నుంచి పడి చనిపోయాడు. అదే ఏడు జూరిక్‌లో డాడా అనే కళాకారుల గుంపు, మరఫిరంగులు తయారుచేసిన నాగరికత తర్కాన్నే వెక్కిరిస్తూ మొదలైంది.

రష్యాలో విప్లవం తరువాత, కళ నిత్యజీవితపు వస్తువుల తయారీకి పనికిరావాలన్న నిర్మాణవాదులు రెండో ప్రశ్నను అందరికన్నా నేరుగా ఎదుర్కొన్నారు. ల్యుబోవ్ పపోవా, వర్వారా స్తెపానోవా 1923-24లో మాస్కోలోని ప్రభుత్వ అద్దకపు మిల్లులో చేరి నూలు బట్టకు నమూనాలు గీశారు. అవి మ్యూజియానికి కాదు, గజాల లెక్కన అమ్మడానికి.

జర్మనీలో తగవు, బౌహౌస్ మలుపు

ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఓడిన చోట జర్మనీ మరో దారి వెతికింది. 1907లో మ్యూనిక్‌లో ఏర్పడ్డ వెర్క్‌బుండ్ సంఘం కళాకారులనూ ఫ్యాక్టరీ యజమానులనూ ఒక బల్ల దగ్గర కూచోబెట్టింది. ఆ ఏడే విద్యుత్ పరికరాల కంపెనీ ఏ.ఇ.జి. కెటిల్ నుంచి ప్రకటన దాకా అన్నిటి రూపకల్పనకూ వాస్తుశిల్పి పీటర్ బెహ్రెన్స్‌ను నియమించుకుంది. 1914లో కొలోన్‌లో జరిగిన ఈ సంఘపు సభలో తగవు బయటపడింది. కొన్ని ప్రామాణిక నమూనాలు స్థిరపరిచి వాటినే భారీగా తయారుచేయాలని వాస్తుశిల్పి ముథేజియస్ అన్నాడు. కళాకారుడు స్వతంత్రుడు, ఏ ప్రమాణమూ ముందే రుద్దకూడదని మరో వాస్తుశిల్పి వాన్ డ వెల్డ అడ్డుపడ్డాడు. ఫ్యాక్టరీ శైలికి పితామహుడిగా తరువాత పేరొందిన వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్ ఆ రోజు నిలబడింది వాన్ డ వెల్డ పక్షాన.

అదే గ్రోపియస్ 1919లో వైమార్‌లో బౌహౌస్ అనే కళా, రూపకల్పన పాఠశాల తెరిచినప్పుడు విడుదల చేసిన ప్రకటన మీద ఉన్నది ఫ్యాక్టరీ బొమ్మ కాదు, ఫైనింగర్ చెక్కిన చర్చి బొమ్మ. కళాకారులందరూ చేతిపనికి తిరిగి రావాలన్నది అందులోని పిలుపు; రస్కిన్ చదివితే సంతోషించేవాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1923 ప్రదర్శన నాటికి, నినాదం ‘కళ, సాంకేతికత: ఒక కొత్త ఐక్యత’ అయింది. యుద్ధానంతర ద్రవ్యోల్బణంలో పాఠశాల నిలదొక్కుకోవాలంటే అమ్ముడుపోయే నమూనాలు కావాలి. పైగా గురువుల్లో ఆధ్యాత్మిక ధోరణి ఉన్న ఇట్టెన్ వెళ్ళిపోయి, యంత్రాలంటే ఇష్టమున్న మొహొయ్-నాజ్ వచ్చాడు. సిద్ధాంతం, డబ్బు, మనుషులు ఒకేసారి మారాయి. ఏది ముందన్నది ఇప్పటికీ వాదనే.

చరిత్రకారులు ఎక్కడ విడిపోతారు

నికొలస్ పెవ్‌స్నర్ 1936లో మారిస్ నుంచి గ్రోపియస్ దాకా ఒకే గీత గీశాడు: నిజాయితీ గల వస్తువు కావాలని మారిస్ అడిగాడు, యంత్రంతో దాన్ని గ్రోపియస్ సాధించాడు. ఈ కథకు బలం ఉంది; వెర్క్‌బుండ్ పెద్దలకు ఇంగ్లీషు ఉద్యమం బాగా తెలుసు, ముథేజియస్ లండన్‌లో ఏళ్ళ తరబడి ఉండి అక్కడి ఇళ్ళను అధ్యయనం చేశాడు. దీన్ని ఒప్పుకోనివారు, మారిస్‌కు ముఖ్యమైనది వస్తువు కాదు, దాన్ని చేసేవాడి పగటి పూట అంటారు. ఆ దృష్టితో చూస్తే బౌహౌస్ వస్తువును బాగుచేసింది, పనివాడి రోజును ముట్టుకోలేదు.

ఇంప్రెషనిజం మీద తగవు మరో రకం. ఫ్యాక్టరీని అందమైన పొగగా మార్చి శ్రమను దాచేసిందని ఒక వర్గం. కొత్త నగరంలో కన్ను ఎలా పనిచేస్తుందో చూపడమే దాని పని, మెన్జెల్ పనిని మోనే చేయలేదని తప్పుపట్టడం అన్యాయమని మరో వర్గం. కెమెరా గురించిన వాదనలోనూ ఇలాంటి జారుడు ఉంది. కెమెరా లోకానికి పరిచయమైన 1839 తరువాత చిత్రకళ బతికిందన్న మాట నిజమే. అరచేతిలో ఇమిడే చిన్న ముఖచిత్రాలు గీసి పొట్టపోసుకునే చిత్రకారుల వృత్తి మాత్రం ఒక తరంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చిత్రకళ అంటే చిత్రాలా, చిత్రకారులా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఇప్పుడు రెండు వస్తువులు ఎక్కడున్నాయో చూడండి. బౌహౌస్ లోహశాలలో చేరిన మరియాన్నె బ్రాంట్‌కు మొదట అప్పగించిన పని, పెళుసు లోహాన్ని సుత్తితో కొట్టి చిన్న అర్ధగోళాలు చేయడం. ఆమె 1924లో రూపొందించిన తేనీటి కుండ మూడంగుళాల ఎత్తు అర్ధగోళం, కింద అడ్డంగా పెట్టిన రెండు కమ్ములు, లోపల వడపోత. ఫ్యాక్టరీకి నమూనాగా ఉండాలని చేసినది ఏ ఫ్యాక్టరీకీ ఎక్కలేదు. చేత్తో కొట్టి చేసిన కొద్ది ప్రతులే మిగిలాయి, మ్యూజియం గాజు పెట్టెల్లో ఉన్నాయి. బౌహౌస్‌కు నిజంగా డబ్బు తెచ్చిన సరుకు 1929-30 నుంచి రాష్ కంపెనీ అచ్చువేసిన గోడ కాగితం. మారిస్ నీలిమందు తొట్టిలో రోజుల తరబడి తేల్చిన పిట్టల బట్ట ఇప్పుడు యంత్రాల మీద అచ్చయి, మ్యూజియం దుకాణాల్లో కప్పుల మీద, చేతిసంచుల మీద, ఫోన్ కవర్ల మీద దొరుకుతోంది.